మనసు మార్చుకొన్న సంస్థ

ఒకసారి నిందించిన దానిని పిదప మెచ్చుకొనుట మానవునకు కష్టము. వేలకొలది ఉద్యోగులు గల మహాసంస్థకు అది మఱింత కష్టము. అయినను అట్టి మార్పు జరిగిన ఉదాహరణము కంప్యూటరు చరిత్రలో కలదు.

కంప్యూటరులోని భాగముల నన్నిటిని నడుపుటకు ఆపరేటింగ్ సిస్టమ్ అను ప్రధానమైన ప్రోగ్రాము అవసరము. 1975లో బిల్ గేట్స్, పాల్ ఆలెన్ అనువారు అమెరికాలో మైక్రోసాఫ్ట్ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 1985లో వెలువరించిన విండోస్ క్రమముగ లోకమంతట వ్యాపించెను. దానిని వెల యిచ్చి కొనవలెను. దాని మూలరచనను మాత్రము సంస్థ రహస్యముగ నుంచెను.

1991లో ఫిన్లండు దేశమునందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ వేఱొక మార్గము త్రొక్కెను. అప్పటి కాతని వయస్సు 21 సంవత్సరములు. ఆతడు తాను వ్రాసిన లినక్స్ మూలరచనను అందఱి యెదుట నుంచెను. ఎవరైనను దానిని చదువవచ్చును, లోపములున్న దిద్దవచ్చును, దిద్దినదానిని ఇతరులకు పంచవచ్చును. ఊరి చెఱువు పూడిక తీయుటకు ఇంటి కొకరు కదలివచ్చినట్లు, నానాదేశముల వారు ఆ పనికి పూనుకొనిరి.

ఉచితముగ దొరకు వస్తువును చూచి, వెలకు అమ్మువాడు కలత చెందుట సహజము. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ ఒక పత్రికతో మాటలాడుచు లినక్స్‌ను క్యాన్సరు వ్యాధితో పోల్చెను. లినక్స్‌ను మార్చి పంచువారు తమ మార్పుల మూలరచనను సైతము ఇతరుల కందజేయవలెనను నియమము కలదు. రహస్యమే మూలధనముగ గల సంస్థకు అది భయము గొల్పుటలో వింత లేదు.

కాలక్రమమున వాడుకరుల అవసరములు మాఱినవి. పెక్కు సంస్థలు కంప్యూటర్లను తామే కొని పోషించుటకు మాఱుగ, దూరముననున్న వానిని ఇంటర్నెట్టు ద్వారా అద్దెకు గైకొనసాగినవి. 2010లో మైక్రోసాఫ్ట్ సైతము అజూర్ అను పేర ప్రసిద్ధమైన అట్టి సేవను ప్రారంభించెను. అచ్చటికి వచ్చినవారిలో అనేకులు లినక్స్‌నే కోరిరి. కోరిన సరకు లేని అంగడికి ఎవరు వత్తురు? 2012లో అజూర్‌నందు లినక్స్‌కు చోటు లభించెను.

హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో సంస్థకు అధిపతి యయ్యెను. ఆ యేడు అక్టోబరులోనే తమ సంస్థకు లినక్స్ ప్రీతిపాత్రమని ఆయన ప్రకటించెను. మాటకు తగిన చేతలును వెంట నడచినవి. 2016లో విండోస్‌లోనే లినక్స్ ప్రోగ్రాములు పనిచేయు ఏర్పాటు వచ్చెను. ఆ యేటనే సంస్థ లినక్స్ ఫౌండేషనులో సభ్యత్వము స్వీకరించెను. 2018లో, లినక్స్‌పై పేటెంటు వివాదములు రాకుండ కాపాడు కూటమిలో చేరి, 60,000 పేటెంట్లను దాని సభ్యులకు అందుబాటులో నుంచెను. తొలుత నిందించిన బామరే 2016లో సంస్థ కొత్త పోకడను మెచ్చుకొనెను. సంస్థ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ 2020లో, ఈ విషయమున తాము చరిత్రకు ఎదురు నిలిచి పొరపాటు చేసితిమని బహిరంగముగ అంగీకరించెను.

ఇది కేవల త్యాగమని యెంచరాదు. విండోస్ మూలరచన నేటికిని రహస్యముగనే యున్నది. లినక్స్‌ను ఆదరించుట వలన సంస్థకు లాభమును చేకూరెను. కాని లాభము కానవచ్చినను పూర్వపు మాటను పట్టుకొని వ్రేలాడి, చెడినవారు లోకమున పెక్కుమంది కలరు. నిన్న తాను పలికిన మాటకంటె నేడు కన్నులయెదుట నున్న సత్యమునకు ఎక్కువ విలువ నిచ్చుట వివేకము. ఆ మార్పు యథార్థమైనదో కాదో చేతల వలననే తెలియును.