చెక్కలో తీర్చిన విమానము

నెల్లూరునుండి పడమరగా పోవు బాట పెన్నానది యొడ్డుననున్న సంగమును దాటి, ఆత్మకూరు మీదుగా మెట్టసీమలోనికి సాగి ఉదయగిరి చేరును. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలుచుకొనిన దుర్గము ఆ యూరి కొండపైననే కలదు. దుర్గమునకున్నంత పేరు లేకున్నను ఉదయగిరికి మరియొక ప్రసిద్ధి కలదు. అది కొయ్యచెంచాలు చెక్కు పని. సమీపపు కొండలలో పెరుగు బిక్కి మొదలగు చెట్ల కొయ్యతో అచటి పనివారు చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేయుదురు. పిడులమీద సన్నని నగిషీలు తీర్తురు. 1999 నాటి చట్టము ననుసరించి ఈ వస్తువులకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది.

చెంచా చెక్కువాడు తన కంటిని, తన చేతిని నమ్ముకొనును. ఒక చెంచా పిడి రెండవదానికంటె గోరంత పొడవైనను దానిని తప్పనువారు లేరు. వడ్డనకు పనికివచ్చినచో అది మంచి గరిటెయే. కొండపల్లి బొమ్మల సంగతియు ఇట్టిదే. తేలికయైన పొణికి కొయ్యతో చేసిన అంబారీయేనుగును చూచి, దాని తొండము నిజమైన యేనుగు తొండములో ఎన్నవ వంతు అని ఎవ్వరును కొలువరు. చూపరుల మనస్సునకు ఉల్లాసము కలిగినచో బొమ్మ చేసినవాని శ్రమ ఫలించినట్లే. కాని అదే కొయ్యను, అదే ఉలిని చేతబట్టి విమానపు నమూనా చేయబూనినవాని పని వేరు. వాని చేతిలోని చిన్న వస్తువు మరియొక పెద్ద వస్తువును గూర్చి సాక్ష్యము చెప్పవలసియుండును. సాక్షి అందగాడైనంతమాత్రమున చాలదు. చెప్పునది నిజము కావలెను.

ఆ సాక్ష్యమునకు ఆధారము నిష్పత్తి. లోకములో మిక్కిలి వ్యాప్తిలోనున్న నిష్పత్తులలో ఒకటి డెబ్బదిరెండింట ఒక వంతు. ఈ సంఖ్యను ఎందుకు ఎన్నుకొనిరో తెలిసికొనుట సులభము. ఆరడుగులకు డెబ్బదిరెండు అంగుళములు. కావున నిజమైన విమానములో ఆరడుగుల పొడవు నమూనాలో ఒక్క అంగుళమగును; విమానము ప్రక్కన నిలిచిన పొడగరి మనిషి అంగుళమెత్తు బొమ్మయగును. 1932లో ఇంగ్లండులో స్కైబర్డ్స్ అను పేర వెలువడిన కొయ్య నమూనాలు ఈ కొలతతో చేయబడినవే.

డకోటా విమానమును ఉదాహరణముగా తీసికొందము. 1947 అక్టోబరు 27న మన సైనికులను శ్రీనగరమునకు చేర్చినవి డకోటాలే. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోవువరకు హైదరాబాదునందలి దక్కన్ ఎయిర్‌వేసు నడపినవియు అవియే. డకోటా రెక్కల కొసనుండి కొసకు 95 అడుగులు. దీనిని డెబ్బదిరెండింట ఒక వంతు చేసినచో సుమారు 40 సెంటీమీటర్లగును. ఒక బల్లమీద హాయిగా ఇముడును. అయితే పనివాడు మరువరాని లెక్క ఒకటి కలదు. నమూనాలో ఒక మిల్లీమీటరు తప్పు నిజమైన విమానములో డెబ్బదిరెండు మిల్లీమీటర్ల తప్పు. అనగా వెంట్రుకవాసి పొరపాటు కాదు. అరచేతి వెడల్పంత పొరపాటు!

ఇక పని జరుగు విధము. మొదట పటములు మూడు కావలెను. ఒకటి పైనుండి చూచినట్లు, ఒకటి ప్రక్కనుండి చూచినట్లు, మరియొకటి ఎదుటినుండి చూచినట్లు గీచినవి. పిమ్మట ముడులు లేని దిమ్మెను ఏరుకొని, కొయ్యలోని నార విమానపు పొడవువెంట సాగునట్లు అమర్చుకొందురు. నార అడ్డముగా పోయినచో తోక సన్నబడుచోట పుటుక్కున విరుగును. దిమ్మె ప్రక్కన ప్రక్కపటమును గీచి రంపముతో కోయుదురు. కోయగా వచ్చిన ముక్కలను క్రొత్తవాడు పారవేయును. తెలిసినవాడు వానిని మరల యథాస్థానమున చుక్కజిగురుతో అంటించును. అట్లంటించినచో దిమ్మె మరల చదునై, దానిపై పైపటమును వంకరలేక గీయుటకు వీలగును. రెండవమారు కోసిన తరువాత ఆ ముక్కలన్నియు ఊడదీయగా చేతికి వచ్చునది ఇంకను విమానము కాదు. పైనుండి చూచినను, ప్రక్కనుండి చూచినను విమానమే. కాని ఎదుటినుండి చూచినచో పెట్టె.

ఆ పెట్టెను గుండ్రని మొండెముగా మార్చుటలోనే నేర్పంతయు ఉన్నది. విమానపు ముక్కుకడ ఒక వంపు, రెక్కలకడ ఒక వంపు, తోకకడ మరియొక వంపు ఉండును. ఒక్కొక్క చోటి వంపును దళసరి అట్టలో కత్తిరించి పెట్టుకొందురు. వడ్రంగులు ఇట్టి దానిని ఫర్మా అందురు. ఉలితోను, ఆకురాయితోను కొంచెము తీయుట, ఫర్మాను ఆనించి వెలుతురునకు ఎదురుగా పట్టి చూచుట, మరల కొంచెము తీయుట — ఇదే పని గంటలకొలది సాగును. అట్టకును కొయ్యకును నడుమ వెలుతురు ఎచట కనబడిన అచట తీయక, అట్ట ఆనియున్న మిట్టను వెదకి తీయవలెను. తొందరపడి ఎక్కువ తీసినవానికి ఉపాయము లేదు. మట్టిబొమ్మ చేయువాడు తీసిన మట్టిని మరల అద్దగలడు. కొయ్యపనివానికి ఆ భాగ్యము లేదు.

రెక్కలు ఇంకను కష్టము. వాని ముందంచు గుండ్రముగాను, వెనుకంచు కత్తివాదరవలె పలుచగాను ఉండవలెను. ఎక్కువ విమానముల రెక్కలు మొండెమునుండి కొసలవైపు కొంచెము పైకి లేచియుండును. ఆ లేచుట రెండు ప్రక్కల సమముగానున్నదా లేదా అని తెలిసికొనుటకు నమూనాను చదునైన పలకపై నుంచి కొసల ఎత్తును కొలుతురు. రంగు వేయుటయందును జాగ్రత్త కావలెను. ఉప్పుకాగితముతో నున్నగా రుద్ది, పలుచని పూతలు పూయుదురేగాని ఒక్కమారే దట్టముగా పూయరు. మిల్లీమీటరులో పదవవంతు మందముగల పూత, నిజమైన విమానముపై ఏడు మిల్లీమీటర్ల గోడ పూతయగును.

ఇంత శ్రమ ఒక వేడుక వస్తువుకొరకా యని అనిపించవచ్చును. ఒకానొక కాలమున ఇది వేడుక కాలేదు. రెండవ ప్రపంచయుద్ధములో ఆకాశమున కనబడు విమానము స్వపక్షమువారిదో శత్రువులదో క్షణములో గుర్తుపట్టవలసి వచ్చెను. పటములు చూచి నేర్చినవాడు విమానము ప్రక్కకు వాలగానే తికమకపడును. అందువలన 1942లో అమెరికా నౌకాదళము తమ దేశపు ఉన్నత పాఠశాలల విద్యార్థులను ఐదు లక్షల నమూనాలు చేసియిమ్మని కోరెను. ఏబది రకముల విమానములు, రకమునకు పదివేలు. అన్నియు డెబ్బదిరెండింట ఒక వంతు. వానికి నల్లరంగు పూసిరి, ఏలయనగా దూరపు విమానము రంగులతో కాక నీడవంటి ఆకారముతోనే కంటికి కనబడును. అట్టి నమూనాను 35 అడుగుల దూరమునుండి చూచినచో, నిజమైన విమానమును సుమారు అరమైలు దూరమునుండి చూచినట్లే యుండును. ముప్పదియైదును డెబ్బదిరెండుతో హెచ్చవేసి చూచినవారికి ఇందలి మర్మము తెలియును. పదునాలుగు, పదునైదేండ్ల బాలబాలికలు చెక్కినవాటిని పరీక్షించి, కొలత తప్పినవాటిని నిర్దాక్షిణ్యముగా త్రోసివేసిరి. అది న్యాయమే. తోక తప్పుగా చెక్కిన నమూనా, అబద్ధపు సాక్షివలె, నేర్చుకొనువానిని తప్పుదారి పట్టించును.

గుర్తుపట్టుటలో పొరపాటు ఎంతటి యనర్థము తెచ్చునో సిసిలీ ద్వీపమున తెలియవచ్చెను. 1943 జూలై 11వ తేది రాత్రి 144 డకోటా తరగతి విమానములు అమెరికా సైనికులను గొనిపోవుచుండెను. అంతకుముందే శత్రువుల బాంబుదాడికి గురియైయున్న స్వపక్షపు ఓడలు, తుపాకీదళములు వానిని శత్రువులవే యనుకొని కాల్పులు సాగించినవి. 23 విమానములు కూలిపోయినవి. ఆ చీకటిలో ఎంత చక్కని నమూనాతో నేర్చినవానికైనను కన్ను పనిచేసియుండదు. ఈ అనుభవమువలననే 1944 జూన్‌లో నార్మండీ దాడికి పోవు మిత్రపక్షపు విమానముల రెక్కలమీదను, మొండెముమీదను తెలుపు నలుపు పట్టెలు వెడల్పుగా పూసిరి.

నేలపై నిలుచు నమూనా చెప్పు సాక్ష్యము ఆకారమును గూర్చినది. ఎగురు నమూనా సంగతి వేరు. దానికి బరువైన కొయ్య పనికిరాదు. దక్షిణ అమెరికాలో పెరుగు బాల్సా చెట్టు కొయ్య బెండువలె తేలిక గనుక దానిని వాడుదురు. 1871లో ఆల్ఫోన్స్ పెనో అను ఫ్రెంచి యువకుడు మెలిత్రిప్పిన రబ్బరుతో తిరుగు ప్రొపెల్లరు గల చిన్న విమానమును పారిసులో పదునొకండు సెకండ్లు ఎగురవేసెను. 1878లో అమెరికాలో ఒక తండ్రి తన కొడుకులకు, పెనో పద్ధతిని చేసిన ఎగురుబొమ్మ నొకదానిని తెచ్చియిచ్చెను. ఆ కొడుకులే విల్బరు రైటు, ఆర్విల్ రైటులు. బొమ్మ విరిగిపోగా వారు దానివంటివే స్వయముగా చేసికొనిరి. పిమ్మట ఇంకను పెద్దవి చేసిరి. వింత యేమనగా, బొమ్మ పెద్దదైన కొలది ఎగురుట తగ్గిపోయెను.

కారణము లెక్కలోనే యున్నది. ఒక వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తులను రెట్టింపు చేసినచో రెక్కల వైశాల్యము నాలుగురెట్లగును. బరువు మాత్రము ఎనిమిదిరెట్లగును. కావున నమూనా ఎగిరినంతమాత్రమున దానివలెనే చేసిన పెద్ద యంత్రమును ఎగురునని నమ్మరాదు. శామ్యూల్ లాంగ్లీ అను పండితుని యనుభవమిదియే. 1896లో అతడు చేసిన ఆవిరియంత్రపు నమూనా, రెక్కలు సుమారు 14 అడుగులది, అరమైలునకు మించి హాయిగా ఎగిరెను. అదే రూపమున, 48 అడుగుల రెక్కలతో, మనిషిని మోయునట్లు చేసిన యంత్రము 1903లో రెండుమారులు పొటోమాక్ నదిలో పడిపోయెను. రెండవమారు పడిన తొమ్మిదవనాడు, డిసెంబరు 17న, రైటు సోదరులు ఎగిరిరి. వారును నమూనాలను విడువలేదు. 1901లో ఒక చెక్కపెట్టెలో గాలిని తోలి, సుమారు రెండువందల చిన్న రెక్కలను అందులో పరీక్షించి, ఏ వంపు ఎంత బరువును ఎత్తగలదో పట్టికలు వ్రాసికొనిరి. నమూనాను ఏ ప్రశ్న అడుగవలెనో, ఏది అడుగరాదో వారికి తెలిసియుండెను.

కొన్ని ప్రశ్నలకు చిన్న నమూనా బదులు చెప్పజాలదు. అప్పుడు నిష్పత్తిని ఒకటికి ఒకటిగా పెట్టుకొనవలెను. మన దేశముననే ఇట్టిది జరిగినది. బెంగుళూరునందలి హిందుస్థాన్ విమాన కర్మాగారమున జర్మను నిపుణుడు కుర్ట్ టాంక్ నాయకత్వమున మారుత్ అను యుద్ధవిమానమును రూపొందించునపుడు, లోహముతో చేయుటకు ముందే దానిని అచ్చముగా అదే పరిమాణమున కొయ్యతో నిర్మించిరి. దానికి ఇంజను లేదు. 1959లో ఆ కొయ్య విమానమును ఒక డకోటా త్రాటితో లాగుకొని పైకి పోయి విడువగా, కపిల్ భార్గవ దానిని గాలిలో తేలించి, అది చుక్కాని మాట ఎట్లు వినుచున్నదో, దిగునపుడు ఎట్లు ప్రవర్తించుచున్నదో పరీక్షించి తెలిపెను. లోహపు మారుత్ 1961 జూన్ 17న బెంగుళూరు ఆకాశమున ఎగిరెను. నడిపినవాడు సురంజన్ దాస్.