కాగితం మీది సూత్రం, కంప్యూటర్ చేసే లెక్క: పది అనుభవ పాఠాలు

రోబో చెయ్యి, రెండు కడ్డీల లోలకం, కారు సస్పెన్షన్ లాంటి వాటి చలన సమీకరణాలను ఇప్పుడు చేత్తో రాబట్టేవాళ్లు తక్కువ. సింపై లాంటి సాఫ్ట్‌వేర్‌కి శక్తుల సూత్రాలు అందిస్తే, అవకలనాలన్నీ అదే చేసి, సమీకరణాలను పైథాన్‌లోనో సీ భాషలోనో ఫంక్షన్‌గా రాసి ఇస్తుంది. అందులో గణితం తప్పు ఉండదు. కానీ ఆ గణితానికి ఎంత ఖర్చవుతుందో దానికి పట్టదు. ఆ ఖర్చు చూసుకునే బాధ్యత మనది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చిన మాటలివి.

1. సమయం ఎక్కడ పోతోందో ముందు కొలవండి.
ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తోందనగానే అందరి చూపూ పెద్ద సమీకరణం మీదే పడుతుంది. ప్రొఫైలర్ పెట్టి చూస్తే ఫైళ్లు రాయడమో, గ్రాఫులు గీయడమో అసలు సమయం తినేస్తుండొచ్చు. మొత్తం సమయంలో మీ ఫంక్షన్ వాటా 20 శాతమే అయితే, దాన్ని క్షణం పట్టకుండా చేసినా ప్రోగ్రాం వేగం 1.25 రెట్లు దాటదు. ఆమ్దాల్ 1967లో చెప్పిన నియమం సారం ఇదే.

2. లూప్‌లో సబ్స్ పెట్టొద్దు.
సమాసంలోని గుర్తుల చోట అంకెలు పెట్టి విలువ రాబట్టే సబ్స్, ఎవాల్ఫ్ అనేవి ఒకటి రెండుసార్లు సరిచూసుకోవడానికి పనికొస్తాయి. పిలిచిన ప్రతిసారీ అవి సమాసం చెట్టంతా కొమ్మ కొమ్మా తిరిగి వస్తాయి. వేలసార్లు లెక్కించాలంటే సింపైలోని లాంబ్డిఫైతో ఒక్కసారి మామూలు ఫంక్షన్‌గా మార్చుకోండి. అక్కడా ఒక మెలిక ఉంది. పెద్ద అర్రేలిస్తే నంపై లైబ్రరీ పరిగెడుతుంది. ఒక్కొక్క అంకే ఇస్తూ పోతే మాత్రం నంపై సైన్ కన్నా పైథాన్‌తో వచ్చే మ్యాథ్ మాడ్యూల్ సైనే వేగం. మీ ఫంక్షన్‌కి అందేది ఏమిటో చూసి మాడ్యూల్ ఎంచుకోండి.

3. పుట్టిన కోడ్‌ని కళ్లతో చదవండి.
లాంబ్డిఫై ఇచ్చిన ఫంక్షన్ మీద హెల్ప్ అని అడిగితే అది రాసిన కోడ్ కనిపిస్తుంది. చాలామంది అటువైపే చూడరు. రెండు కడ్డీల లోలకాన్నే తీసుకోండి. రెండు కోణాలనూ నిలువు గీత నుంచి కొలుస్తూ, కోణీయ త్వరణాలకు పుస్తకాల్లో ఉండే సూత్రాలను ఉన్నవున్నట్టు రాస్తే సైన్, కాస్ మొత్తం 9 సార్లు వస్తాయి. మొదటి త్వరణంలో 5, రెండో దాంట్లో 4. కోణాల తేడాకు సైన్ రెండుసార్లు, కాస్ రెండుసార్లు, ఆ తేడాకు రెట్టింపు కోణానికి కాస్ మరో రెండుసార్లు కనిపిస్తాయి. పైథాన్ వీటిని చూసి ‘ఇది ఇందాక చేసిన లెక్కే కదా’ అనుకోదు, మళ్లీ మొదటినుంచీ చేస్తుంది.

ఉమ్మడి ముక్కలను ఒక్కసారే లెక్కగట్టి, పేరు పెట్టి దాచుకోవడానికి సింపైలో సీఎస్‌ఈ ఉంది. లాంబ్డిఫై దాన్ని తనంతట తాను వాడదు, వాడమని మనం చెప్పాలి. చెబితే 9 కాస్తా 6 అవుతాయి.

ఆ తర్వాతి పని మనిషిది. సీఎస్‌ఈ ఒకే రూపంలో ఉన్న ముక్కలను పట్టుకుంటుందే గానీ, వేర్వేరు రూపాల్లో ఉన్న ఒకే విలువను పట్టుకోలేదు. రెట్టింపు కోణం కాస్ కావాలంటే 1 లోంచి సైన్ వర్గానికి రెండింతలు తీసేస్తే చాలని ఇంటర్ పిల్లవాడికి తెలుసు, దానికి తెలియదు. ఆ సూత్రాలు మనం అందిస్తే రెండు కోణాల సైన్, కాస్ కలిపి 4 పిలుపులతో పని అయిపోతుంది. మిగతావన్నీ గుణకారాలు, కూడికలే. హారం కూడా చిన్నదవుతుంది: మొదటి ద్రవ్యరాశికి, రెండో ద్రవ్యరాశిని తేడా కోణం సైన్ వర్గంతో గుణించి కలిపి, మొత్తాన్ని రెట్టింపు చేస్తే సరి.

4. సమాసాన్ని విప్పొద్దు, వీలైతే ఉబ్బనివ్వొద్దు.
ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త డెలానేకి చంద్రుడి గమనానికి సూత్రాలు చేత్తో రాబట్టడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. 1860లో ఒకటి, 1867లో ఒకటి, రెండు పెద్ద సంపుటాలు నిండాయి. 1970లో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఆ పనిని కంప్యూటర్‌తో సరిచూశారు. చేత్తో రాసేవాడికి ప్రతి పదమూ కష్టమే కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాడు. మనకు ఎక్స్‌పాండ్ అని ఒక్క మాట అంటే వేల పదాలు వచ్చి పడతాయి. బ్రాకెట్లలో గుణకారాలుగా ఉన్న రూపం చాలాసార్లు చౌక. సింప్లిఫై కూడా మనిషి కంటికి చిన్నగా కనిపించే రూపాన్ని వెతుకుతుందే గానీ కంప్యూటర్‌కి చౌకైన రూపాన్ని కాదు. పైగా పెద్ద సమాసం మీద అది ఎప్పటికి తేలుతుందో చెప్పలేం. అవకలనాలు తీసినా సమాసం ఇలాగే ఉబ్బుతుంది. అందుకే చలరాశులు చాలా ఉండి ఫలితం ఒక్కటే అయినచోట, అవకలనాలకు ఆటోమేటిక్ డిఫరెన్షియేషన్ రివర్స్ పద్ధతి వాడండి. చలరాశులు ఎన్నున్నా, అవకలనాలన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు అసలు ఫంక్షన్‌కి కొన్ని రెట్లు దాటదు.

5. మ్యాట్రిక్స్ ఇన్వర్స్‌ని గుర్తులతో తీయొద్దు.
చలన సమీకరణాల్లో మాస్ మ్యాట్రిక్స్ వస్తుంది. దాన్ని గుర్తులుండగానే తిరగేసి, తేలిన సూత్రాన్ని కోడ్‌గా మార్చాలని ఉబలాటపడతారు. అందుకు కావలసిన నిర్ధారకాన్ని పూర్తిగా విప్పితే 6×6కి 720 పదాలు, 10×10కి 36,28,800 పదాలు. అదే 10×10 మ్యాట్రిక్స్‌ని అంకెలతో ఎల్‌యూ పద్ధతిలో విడగొట్టడానికి సుమారు 330 గుణకారాలు చాలు. మాస్ మ్యాట్రిక్స్ సౌష్ఠవంగా ఉంటుంది కాబట్టి చొలెస్కీ పద్ధతి వాడితే అందులో సగమే. మ్యాట్రిక్స్‌లోని ఒక్కో విలువకు మాత్రం కోడ్ పుట్టించుకోండి, సాధన పని లాప్యాక్ లైబ్రరీకి వదిలేయండి.

6. మారనివాటిని లూప్ బయట పెట్టండి.
ద్రవ్యరాశులు, పొడవులు, గురుత్వ త్వరణం అనుకరణ సాగినంతసేపూ మారవు. వాటితోనే ఏర్పడే ముక్కలన్నీ మొదట్లోనే ఒకసారి లెక్కగట్టి ఉంచండి. ఘాతాలనూ గమనించండి. సింపై రాసే సీ కోడ్‌లో వర్గం కూడా పవ్ ఫంక్షన్ పిలుపుగానే వస్తుంది. చిన్న ఘాతాలను గుణకారాలుగా మార్చే సదుపాయం సింపైలోనే ఉంది, వాడుకోండి. బహుపదులైతే హార్నర్ రూపంలో రాయండి. 5వ ఘాతానికి 5 గుణకారాలు, 5 కూడికలతో సరిపోతుంది.

7. పైథాన్‌కీ సీకీ మధ్య రాకపోకలు తగ్గించండి.
ఫంక్షన్ ఒక్కదాన్నే సీలోకి మార్చి, లూప్‌ని పైథాన్‌లో ఉంచితే అనుకున్నంత వేగం రాదు. నాలుగో క్రమపు రుంగే-కుట్టా పద్ధతిలో ఒక్కో అడుగుకు ఫంక్షన్‌ని 4 సార్లు పిలుస్తాం. 10 సెకన్ల చలనాన్ని 0.001 సెకను అడుగుతో లెక్కిస్తే 40,000 పిలుపులు. ఒక్కో ఉల్లిపాయ కోసం ఒక్కోసారి బజారుకెళ్లి వచ్చినట్టు, లెక్క కన్నా రాకపోకలకే ఎక్కువ సమయం పోతుంది. నంబాతోనో సైథాన్‌తోనో లూప్ మొత్తాన్ని అటువైపుకి పంపండి. వేర్వేరు తొలి విలువలతో వంద అనుకరణలు నడపాలంటే వాటిని ఒక అర్రేలో పేర్చి ఒకేసారి ఇవ్వండి.

8. కంపైలర్ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకోండి.
వేల వరసల కోడ్‌ని ఒకే ఫంక్షన్‌లో కుక్కితే, గట్టి ఆప్టిమైజేషన్ పెట్టినప్పుడు కంపైల్ అవడానికే చాలాసేపు పడుతుంది. ముక్కలుగా విడగొట్టండి, లేదా ఆప్టిమైజేషన్ స్థాయి తగ్గించి చూడండి. ఫాస్ట్ మ్యాథ్ అనే ఫ్లాగ్‌తో మాత్రం జాగ్రత్త. అది కూడికల వరసను మార్చేయడానికి కంపైలర్‌కి అనుమతిస్తుంది, చెల్లని విలువలు అసలు రావని నమ్మేస్తుంది. అలాంటి విలువ వచ్చిందో లేదో చూడమని మీరు రాసుకున్న తనిఖీ కూడా దాంతో ఎగిరిపోవచ్చు.

9. వేగం పెరిగిందని సంబరపడే ముందు జవాబు చూడండి.
గణితంలో సమానమైన రెండు రూపాలు కంప్యూటర్‌లో సమానం కావు. కోణం 0.00000001 రేడియన్లు అనుకోండి. 1 లోంచి దాని కాస్ తీసేస్తే డబుల్ ప్రెసిషన్‌లో జవాబు సున్నా. సగం కోణం సైన్ వర్గాన్ని రెట్టింపు చేస్తే అసలు విలువ, 5×10⁻¹⁷, చక్కగా వస్తుంది. చౌక రూపం కోసం మార్చే ప్రతిచోటా ఈ గండం పొంచి ఉంటుంది. అందుకే పాత ఫంక్షన్‌ని పారేయకండి. యాదృచ్ఛిక విలువలతో పాతదీ కొత్తదీ పోల్చండి, సున్నాకి దగ్గరి కోణాలను ప్రత్యేకంగా ఇచ్చి చూడండి. ఘర్షణ లేని లోలకమైతే మొత్తం శక్తి మారకూడదు. కోడ్ మార్చాక అది ఇదివరకటి కన్నా ఎక్కువ జారుతోందంటే, ఆ మార్పు ఎంత వేగమిచ్చినా వెనక్కి తీసుకోవాల్సిందే.

10. పుట్టిన కోడ్‌ని చేత్తో దిద్దొద్దు.
మూడో పాఠంలో చెప్పిన త్రికోణమితి సూత్రాలైనా, ఆరో పాఠంలోని గుణకారాలైనా, వాటి చోటు కోడ్ పుట్టించే స్క్రిప్ట్‌లోనే. రేపు కడ్డీలు రెండు కాదు మూడు అంటారు. అప్పుడు స్క్రిప్ట్ మళ్లీ నడిపితే చేత్తో దిద్దినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. స్క్రిప్ట్‌లో పెట్టిన ప్రతి మార్పు పక్కనా అది ఎందుకు పెట్టారో, ఎంత సమయం తగ్గిందో ఒక వరస రాయండి. కొలిచి చూస్తే తేడా తెలియని మార్పుల్ని తీసేయండి. అవి వేగాన్ని పెంచవు, మీ తర్వాత ఆ స్క్రిప్ట్ చదివేవాళ్ల సమయాన్ని మాత్రం తింటాయి.