కోడిపిల్లలకు వెచ్చదనం: తొలి వారాల జాగ్రత్తలు

పాడితోపాటు పెరట్లో కోళ్ళు పెంచుకొనే సభ్యులకు ఈ పాఠం. వనరాజా, గ్రామప్రియ వంటి రకాల పిల్లలను ఒక రోజు వయసులో తెచ్చుకొన్నప్పుడు వాటికి తల్లికోడి ఉండదు. తల్లి రెక్కల కింద దొరికే వెచ్చదనాన్ని మనమే కల్పించాలి. ఒక్క రాత్రి చలి తగిలినా పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడినవి ఊపిరాడక చనిపోతాయి.

ఏర్పాటు: 50 పిల్లలకు 4 అడుగుల వెడల్పున రేకుతో గుండ్రని కంచె కట్టండి. మూలలుంటే పిల్లలు అక్కడ గుమిగూడతాయి. కింద 2 అంగుళాల మందాన పొడి ఊక పరచండి. పైన 60 వాట్ల బల్బులు రెండు వేలాడదీయండి. ఒకటి మాడిపోయినా రెండోది ఆదుకొంటుంది. ఎల్.ఇ.డి. బల్బులు ఇందుకు చాలినంత వేడినివ్వవు. పాతరకం ఫిలమెంటు బల్బులే వాడాలి. అవి ఊకలో పడితే నిప్పంటుకొంటుంది కనుక గొలుసుతో గట్టిగా కట్టండి. పిల్లలు రాకముందే దీపాలు వెలిగించి చోటు వెచ్చబరచండి.

వేడి: మొదటి వారం పిల్లలుండే ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. బల్బులను కొద్దికొద్దిగా పైకెత్తితే సరిపోతుంది.

థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. దీపం కింద గుంపుగా చేరి అరుస్తుంటే చలి వేస్తున్నదన్నమాట. దూరంగా జరిగి, నోరు తెరచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదుటి పక్కనుండి గాలి కొడుతున్నది. కంచె అంతటా పరచుకొని, మేస్తూ, నిద్రపోతూ ఉంటే వేడి సరిగా ఉన్నట్లే.

కరెంటు పోతే: మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. దానినుండి వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. అది పిల్లలకే కాదు, ఆ గదిలో పడుకొన్న మనుషులకూ ప్రాణాంతకం. వేడినీళ్ళు నింపి గట్టిగా మూతపెట్టిన పాత్రలకు గోనెసంచి చుట్టి కంచెలో ఉంచండి. చల్లారగానే నీళ్ళు మార్చండి. కంచెపై సగం వరకు గోనె కప్పి, మిగతా సగం గాలికి వదలండి.

తెల్లవారుజామున చలి ఎక్కువ. పాలు పితకడానికి మీరు లేచేదీ ఆ వేళకే. పశువుల కొట్టానికి వెళ్ళేముందు ఒక్క నిమిషం పిల్లలను చూసి వెళ్ళండి.