అమరం అంటే ఏందన్నా?

మానుకోటలో ఒక ఆదివారం మధ్యాహ్నం. చర్చి అయిపోయింది, భోజనాలూ అయ్యాయి. చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరిన ఒకాయన ఇంటి ముందు గదిలో చాప పరిచి ఆరుగురు కూర్చున్నారు. జనగామ నుంచి రైల్లో వచ్చిన బీఎస్సీ అబ్బాయి, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్స్ నుంచి ఒకడు, కాళేశ్వరం దిక్కు నుంచి ఇంకొకడు, దగ్గరి తండా నుంచి డిగ్రీ మొదటి ఏడాది అమ్మాయి, ఆమె స్నేహితురాలు, నడిపించే అన్న. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను.

మార్కు సువార్త నాలుగో అధ్యాయం చివరి ఏడు వచనాలు. సముద్రం మీద తుపాను, దోనె అమరాన నిద్రపోతున్న యేసు. సండే స్కూల్‌కి పోయిన ఎవరికైనా కంఠతా వచ్చిన కథే. అందుకే చదవడం కష్టం. కళ్లు అక్షరాల మీద జారిపోతుంటాయి, మనసు పాత ప్రసంగాన్ని అప్పజెప్పుకుంటూ ఉంటుంది.

"అమరం అంటే ఏందన్నా?" అని అడిగింది తండా అమ్మాయి. వాళ్లింట్లో లంబాడీ భాష. తెలుగు బడిలో నేర్చుకున్నదే, ఈ గ్రాంథికం ఆమెకు మూడో మెట్టు.

"నాకూ తెల్వదు. ఎవరికన్న తెలుసా?" అన్నాడు అన్న.

ఆ ఒక్క మాటకే ఆ కుర్రాడి మీద నాకు గౌరవం కలిగింది. విద్యార్థిగా నేను నడిపిన మొదటి బైబిల్ స్టడీలో ముప్పావుగంట నేనే మాట్లాడాను. తెలియనిచోట గొంతు పెంచాను. చివరికి "ఏమైనా డౌట్లా?" అంటే అందరూ తలలు అడ్డంగా ఊపారు. బాగా అర్థమైందనుకుని సంబరపడ్డాను కూడా.

కాళేశ్వరం అబ్బాయి గోదావరిలో పడవలు చూసినవాడు. "వెనక భాగమై ఉంటదన్నా. పండుకోను జాగ ఆడనే ఉంటది" అన్నాడు. నిఘంటువు కూడా అదే అంటుంది. ఇంకాస్త కిందికి పోతే, గాలి అణగిన తర్వాత 'నిమ్మళం' అనే మాట తగిలింది. తండా అమ్మాయి స్నేహితురాలు నవ్వేసింది: "ఇది మా నాయనమ్మ రోజూ అంటది గదా! నిమ్మళంగున్నవా బిడ్డా అని." అర్థం కాని పుస్తకంలో ఇంటి మాట దొరికేసరికి ఆ పిల్ల చాప మీద ముందుకు జరిగి కూర్చుంది.

కాలేజీల్లో 'ఈయూ' అని పిలుచుకునే ఇలాంటి బైబిల్ స్టడీ బృందాల వెనకున్న విద్యార్థి సంఘం, యూఈఎస్‌ఐ, 1954లో మొదలైంది. 1947లో ఏర్పడిన అంతర్జాతీయ విద్యార్థి సహవాసం ఐఎఫ్‌ఈఎస్‌లో అది భాగం. బృందాన్ని విద్యార్థులే నడుపుకోవాలి, పెద్దలు పక్కన ఉండాలి. చదివే పద్ధతిలో మూడు మెట్లు: ఏం రాసుంది, దాని అర్థమేంటి, నేనేం చెయ్యాలి. మనవాళ్లకు మూడోదంటే మహా తొందర. మొదటి మెట్టు మీద అరగంట కూర్చోబెట్టగలిగితే నాయకుడు సగం గెలిచినట్టే.

మానుకోట నుంచి రైలెక్కితే దగ్గర్లోనే డోర్నకల్. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య పనిచేసిన ఊరు. 1939లో ప్రతిష్ఠించిన కథీడ్రల్ ఇప్పటికీ చూడొచ్చు. ఆయన అంతకుముందు వైఎంసీఏలో కార్యదర్శి. పుట్టింది తిరునల్వేలి ప్రాంతంలో, మాతృభాష తమిళం. తెలుగు ఆయనకూ పెద్దయ్యాక నేర్చుకున్న భాషే. ఈ ముక్క అన్న చెబితే తండా అమ్మాయి "నిజమా?" అని రెండుసార్లు అడిగింది.

వ్యక్తిత్వ వికాసం పేరిట మన కాలేజీల్లో నడిచే క్లాసులు కొన్ని చూశాను. చేతులెలా ఊపాలో, ఎదుటివాడి కళ్లలోకి ఎలా చూడాలో నేర్పుతారు. తప్పని అనను. కానీ ఎదుటివాడు చెప్పేది పూర్తిగా వినడం, "అది ఎక్కడుంది, చూపించు" అని కోపం లేకుండా అడగడం, చూపిస్తే ఒప్పుకోవడం మైకు ముందు వచ్చేవి కావు. ఆరుగురి మధ్య, ఒకే పేరా మీద, వారం వారం కూర్చుంటే వస్తాయి. రాకపోవడమూ కద్దు. పది బృందాల్లో ఎక్కడో ఒక గొంతే వినిపిస్తూ ఉంటే అది స్టడీ కాదు, చిన్న సైజు ప్రసంగం. పరీక్షల వారంలో కూడా కూటాలు పెట్టి హాజరు లెక్కపెట్టే అన్నల మీద నాకు చిరాకు.

చివర్లో తండా అమ్మాయే మళ్లీ అడిగింది. "ఆయన వెంట వేరే దోనెలు కూడ వచ్చినయని రాసింది గదా. తుపానుల అవి ఏమైనయి?"

ఎవ్వరూ మాట్లాడలేదు. నాకైతే ఎన్నేళ్లుగానో చదువుతున్నా ఆ దోనెలు కంటబడలేదు. అన్న పైనుంచి కింది దాకా మళ్లీ చదివాడు. "రాయలేదమ్మా" అన్నాడు. అంతే. కల్పించి చెప్పలేదు.

ప్రార్థన చేసుకుని, చాయ్ గ్లాసులు కడిగి, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. చీకటి పడ్డాక, జనగామ అబ్బాయి రైల్లోంచి గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "అన్నా, మత్తయి ఎనిమిది సూసిన. అండ్ల ఆ దోనెల ముచ్చటే లేదు. లూకా ఇంక సూడలే."