కత్తికి దారి చూపే కాంతి

ఉద్దేశం: శస్త్రచికిత్స జరుగుతుండగానే, కంటికి అందని క్యాన్సర్ కణాలను గుర్తించే విధానాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం.

పాఠ్యభాగం

తుంగను పైపైన పీకితే దాని గడ్డ మట్టిలో మిగిలి మళ్లీ మొలకెత్తుతుంది. క్యాన్సర్ కణితి స్వభావమూ ఇంతే. శస్త్రవైద్యుడు కణితిని తొలగించిన తరువాత అంచుల్లో కొన్ని కణాలు మిగిలినా వ్యాధి తిరగబెట్టవచ్చు. మెదడులో పుట్టే గ్లయోమా విషయంలో ఈ సమస్య మరీ జటిలమైనది. ఆ కణితికి స్పష్టమైన పొలిమేర ఉండదు. దాని కణాలు ఆరోగ్యవంతమైన కణజాలంలోకి చొచ్చుకొనిపోతాయి. అక్కడ రెండింటినీ వేరుగా గుర్తించడం కంటికి సాధ్యం కాదు. తక్కువ తీస్తే వ్యాధి మిగులుతుంది. ఎక్కువ తీస్తే రోగి మాటనో, కాలుసేతుల కదలికనో కోల్పోవచ్చు.

ఈ సంకటంలో వైద్యునికి తోడ్పడేది ప్రతిదీప్తి. కొన్ని పదార్థాలు ఒక రంగు కాంతిని గ్రహించి వేరొక రంగు కాంతిని వెలువరిస్తాయి. ఈ ధర్మమే ప్రతిదీప్తి. ఫ్లోరెసిన్ అనే రంజకద్రవ్యంతో మెదడు కణితులను గుర్తించే ప్రయత్నాన్ని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ మూర్ 1948లో ప్రకటించారు.

నేడు గ్లయోమా చికిత్సలో వాడుతున్నది అమైనోలెవ్యులినిక్ ఆమ్లం. ఇది మన శరీరంలో సహజంగానే తయారవుతుంది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ నిర్మాణంలో ఇదొక మెట్టు. మత్తు ఇవ్వడానికి సుమారు మూడు గంటల ముందు దీని ద్రావణాన్ని రోగి చేత తాగిస్తారు. క్యాన్సర్ కణాలలో ఇది ప్రోటోపార్ఫిరిన్‌గా మారి పేరుకుంటుంది. సూక్ష్మదర్శిని నుండి నీలికాంతిని ప్రసరింపజేయగానే కణితి ఎర్రగా, దాని అంచులు గులాబి వన్నెలో మెరుస్తాయి.

జర్మనీలో వాల్టర్ స్టుమ్మర్ బృందం 2006లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఈ కాంతి సాయంతో 65 శాతం మందిలో స్కానింగ్‌కు కనిపించే కణితి పూర్తిగా తొలగింది. సాధారణ కాంతిలో అది 36 శాతమే. ఆరు నెలల వరకు వ్యాధి ముదరనివారు వరుసగా 41, 21 శాతం. అయితే మొత్తం ఆయుర్దాయంలో స్పష్టమైన భేదం కనిపించలేదు.

అండాశయ క్యాన్సర్ శస్త్రచికిత్స కోసం 2021లో అమెరికా అనుమతించిన పాఫోలాసయనిన్ ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ద్రవ్యం. ఫోలిక్ ఆమ్లాన్ని గ్రహించే క్యాన్సర్ కణాలకు ఇది అంటుకొని వెలుగుతుంది. 1940లలో ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందానికి సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు కావడం మనకు గర్వకారణం. రొమ్ము క్యాన్సర్‌లో మిగిలిన కణాలను చూపే పెగులిసయనిన్‌కు 2024లో అనుమతి లభించింది.

వెలిగినదంతా తొలగించదగినది కాదు. వెలగనిదంతా నిర్దోషమూ కాదు. కణాలు పలుచగా ఉన్నచోట మెరుపు కనిపించకపోవచ్చు. మాటకు ఆధారమైన భాగం మెరిసినా, దానిని వదలవలసి రావచ్చు. కాంతి దారి చూపుతుంది. ఎక్కడ ఆగాలో నిర్ణయించవలసింది వైద్యుని వివేకమే.

అర్థాలు

జటిలం = చిక్కైనది
సంకటం = ఇబ్బంది
రంజకద్రవ్యం = రంగునిచ్చే పదార్థం
సారథి = నడిపించేవాడు

ప్రశ్నలు

1. గ్లయోమా శస్త్రచికిత్సలో వైద్యునికి ఎదురయ్యే సంకటాన్ని వివరించండి.
2. అమైనోలెవ్యులినిక్ ఆమ్లం కణితిని ఎలా వెల్లడిస్తుంది?
3. 'వెలిగినదంతా తొలగించదగినది కాదు' - సమర్థించండి.