మంచు లేని ఊళ్ళో స్కీలు: చలికాలం ఆర్‌సీ విమానం పాఠం

డిసెంబర్ వచ్చిందంటే యూట్యూబ్‌లో ఒక రకం ఆర్‌సీ విమానాల వీడియోలు వరుసపెట్టి వస్తుంటాయి. గడ్డకట్టిన సరస్సు, దాని మీద తెల్లటి మంచు, చక్రాల బదులు రెండు చిన్న స్కీలు తొడుక్కున్న విమానం. జారుకుంటూ వెళ్ళి అలా లేచిపోతుంది. బాగుంది అనుకుంటాం, "మన పెన్‌పహాడ్‌లో మంచు ఎక్కడిది, ఉన్నదల్లా పొగమంచే కదా" అని పైకి స్వైప్ చేసేస్తాం.

ఒక్క నిమిషం ఆగండి. స్కీ పరిష్కరించే సమస్య చలి కాదు. చక్రం దొర్లని నేల మీద విమానాన్ని ఎలా దించాలి అన్నదే అసలు సమస్య. అలాంటి నేల మన దగ్గర కావలసినంత ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ వానాకాలం వరి కోత అయ్యాక, యాసంగి నాట్లు పడేలోపు, కొన్ని వారాల పాటు మడులు ఖాళీగా ఉంటాయి. మన ఆర్‌సీ సీజన్ అదే. కాబట్టి ముందు స్కీ ఎలా పనిచేస్తుందో చూద్దాం, తర్వాత అందులో మనకి పనికొచ్చేది ఎంతో తేల్చుకుందాం.

చక్రం ఎక్కడ ఓడిపోతుంది?

1.2 కిలోల ట్రైనర్ విమానం అనుకోండి. రెండు మెయిన్ చక్రాలు నేలని తాకే భాగం ఒక్కోటి 2 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 1200 గ్రాముల బరువు 4 చదరపు సెంటీమీటర్ల మీద పడుతోంది. సెంటీమీటరుకి 300 గ్రాములు. తారు రోడ్డు మీద ఇబ్బంది లేదు. మెత్తటి మంచులోనో, తడి మడిలోనో అయితే చక్రం దిగబడుతుంది. చక్రం ఆగినా పైనున్న విమానం వేగం ఆగదు కాబట్టి ముక్కు నేలకి తగులుతుంది, ప్రొపెల్లర్ విరుగుతుంది. ఒక్కోసారి మొత్తం బోల్తా.

అదే విమానానికి 30 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెండు స్కీలు పెట్టండి. మొత్తం 360 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి సెంటీమీటరుకి 3.3 గ్రాములే, అంటే చక్రాలతో పోలిస్తే దాదాపు 90 రెట్లు తక్కువ. పెద్ద విమానాలకీ ఇదే సూత్రం. అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ మంచు మీద దిగే ఎల్‌సీ-130 హెర్క్యులిస్ రవాణా విమానం కూడా స్కీల మీదే దిగుతుంది.

స్కీని ఎలా బిగిస్తారు?

స్కీని ఇరుసుకి గట్టిగా స్క్రూ చేసేయరు. అది ఇరుసు మీద కొంచెం పైకీ కిందకీ ఊగాలి, లేకపోతే నేల ఎత్తుపల్లాలకి సర్దుకోదు. కానీ గాల్లో ఉన్నప్పుడు ఇష్టమొచ్చినట్టు ఊగకూడదు. స్కీ ముందు భాగం కిందికి వాలిందంటే గాలి దాన్ని ఇంకా కిందికి నొక్కుతుంది, విమానం ముక్కు కూడా కిందికి లాగేస్తుంది. దిగేటప్పుడైతే స్కీ కొన నేలలో గుచ్చుకుంటుంది.

అందుకే రెండు కట్లు ఉంటాయి. స్కీ ముందు కొన నుంచి విమానం బాడీకి ఒక స్ప్రింగ్ లేదా రబ్బరు. ఇది కొనని ఎప్పుడూ పైకి లాగి ఉంచుతుంది. వెనక కొన నుంచి సాగని దారం. స్కీ ముందు కొన ఒక హద్దు దాటి పైకి లేవకుండా ఇది ఆపుతుంది. గాల్లో స్కీ ముందు కొన రెండు మూడు డిగ్రీలు పైకి ఉండేలా సెట్ చేసుకుంటే చాలు. బిగించాక సెంటర్ ఆఫ్ గ్రావిటీ మళ్ళీ చూసుకోవాలి. స్కీలు రెక్క కిందే ఉంటాయి కాబట్టి పెద్దగా మారదు, కానీ చూడకుండా ఎగరేయొద్దు.

అసలు తేడా రాపిడిలో

స్కీ కట్టేస్తే మన పొలంలో కూడా వీడియోలో లాగే పరుగెత్తి లేస్తుందా? లేవదు. ఎందుకో లెక్క చూద్దాం.

మంచు మీద జారే స్కీ రాపిడి గుణకం సుమారు 0.05 అనుకోండి. 1.2 కిలోల విమానాన్ని కదిలించి ఉంచడానికి 60 గ్రాముల థ్రస్ట్ సరిపోతుంది. ఎండుగడ్డి, మట్టి మీద అదే గుణకం సుమారు 0.5 అనుకుంటే 600 గ్రాములు కావాలి. మీ మోటార్ మొత్తం థ్రస్ట్ 800 గ్రాములైతే, ముప్పావు వంతు నేలతో కొట్లాడటానికే పోతుంది. వేగం అందుకోవడానికి మిగిలేది 200 గ్రాములు. పైగా ఇది చదునైన నేల లెక్క, వరి కొయ్యకాలు అడ్డొస్తే అదీ ఉండదు.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. సెకనుకి 8 మీటర్ల వేగంతో నేలని తాకిన విమానం మంచు మీద దాదాపు 65 మీటర్లు జారుతుంది, ఎందుకంటే స్కీకి బ్రేకులుండవు. అదే మన మడిలో 6, 7 మీటర్లలో ఆగిపోతుంది. ఎదురుగాలి సెకనుకి 3 మీటర్లుంటే నేల మీద వేగం 5 మీటర్లకి తగ్గుతుంది. అప్పుడు మంచు మీద 25 మీటర్లు, మడిలో రెండున్నర మీటర్లు చాలు.

అంటే మన పొలానికి తేలిన సూత్రం ఇది: లేవడం చేత్తో, దిగడం స్కీతో. టేకాఫ్‌కి హ్యాండ్ లాంచ్, ల్యాండింగ్‌కి కింద స్కిడ్. మంచు దేశంలో స్కీ రెండు పనులూ చేస్తుంది, ఇక్కడ ఒక్కటే చేస్తుంది. ఆ ఒక్క పని కూడా ప్రొపెల్లర్లు, మోటార్ మౌంట్లు మిగిల్చి పెడుతుంది.

మన మడికి స్కిడ్ తయారీ

ఇక్కడ రెండు స్కీలు వద్దు. నాటేసిన మడిలో దుబ్బుకీ దుబ్బుకీ మధ్య సుమారు జానెడు దూరం ఉంటుంది. సన్నటి స్కీ ఒకటి దుబ్బుకి తగిలి, రెండోది తగలకపోతే విమానం గిర్రున పక్కకి తిరుగుతుంది. బాడీ కింద మధ్యలో ఒకే వెడల్పాటి స్కిడ్ మేలు. పొడవు 45, వెడల్పు 10 సెంటీమీటర్లు పెట్టండి. పొడవు ఎందుకంటే, స్కిడ్ ఎప్పుడూ కనీసం రెండు దుబ్బుల మీద ఆనాలి. దుబ్బుల మధ్య దూరం కంటే చిన్నదైతే కొన సందులోకి దిగిపోతుంది.

మెటీరియల్‌కి సన్‌ప్యాక్ షీట్ చాలు. కోచింగ్ సెంటర్ల ప్రకటనలు స్తంభాలకి కట్టి ఉంటాయే, లోపల గొట్టాల్లా ఉండే ప్లాస్టిక్ షీట్, అదే. 3 మిల్లీమీటర్లది ఫ్లెక్స్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. గొట్టాలు విమానం పొడవునా వచ్చేలా కోయండి, అప్పుడే స్కిడ్ నిలువుగా మడత పడదు. ముందు 8 సెంటీమీటర్లు హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి పైకి వంచండి. బాడీకి, స్కిడ్‌కి మధ్య మెత్తటి ఫోమ్ ముక్కలు పెట్టి డబుల్ సైడ్ టేప్‌తో అతికించి, రెండు చోట్ల రబ్బర్ బ్యాండ్లు వేయండి. గట్టిగా తగిలితే స్కిడ్ ఊడాలి, బాడీ మాత్రం చీలకూడదు. రెక్కల చివర్ల కింద కూడా చిన్న ముక్కలు అతికిస్తే ఫోమ్ గీసుకుపోదు.

ముందు ప్రొపెల్లర్ ఉన్న విమానమైతే మడత పడే ప్రొపెల్లర్ గానీ, రబ్బరు రింగుతో పట్టి ఉంచే ప్రాప్ సేవర్ గానీ వాడండి. నేలని తాకే ముందే థ్రాటిల్ పూర్తిగా సున్నా చేయాలి.

మడి ఎంచుకోవడం కూడా ముఖ్యమే. హార్వెస్టర్ ఎత్తులో కోసి వదిలిన కొయ్యకాల మీద ఏ స్కిడ్డూ పనిచేయదు. కిందికంటా కోసి, గడ్డి కట్టలు ఎత్తేసిన మడి చూసుకోండి. ఎదురుగాలికి వీలైనంత దగ్గరగా, దుబ్బుల వరస వెంట దించండి.

చలి గాలి లాభం, చలి బ్యాటరీ నష్టం

చల్లటి గాలి బరువుగా ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.225 కిలోలు, 40 డిగ్రీల దగ్గర 1.127. అంటే డిసెంబర్ పొద్దున అదే వేగానికి మే మధ్యాహ్నం కంటే దాదాపు 9 శాతం ఎక్కువ లిఫ్ట్. స్టాల్ వేగం 4 శాతం తగ్గుతుంది. నెమ్మదిగా దిగొచ్చు. అయితే బరువైన గాలిని తిప్పడానికి మోటార్ కాస్త ఎక్కువ కరెంట్ లాగుతుంది.

లైపో బ్యాటరీకి మాత్రం చలి పడదు. లోపలి నిరోధం పెరిగి, థ్రాటిల్ ఇవ్వగానే వోల్టేజ్ పడిపోతుంది. మన 15 డిగ్రీలకి పెద్ద తేడా రాదు. మైనస్‌లో ఎగరేసేవాళ్ళు ఎగరేసే క్షణం దాకా బ్యాటరీని కోటు లోపలి జేబులో ఉంచుకుంటారు. సున్నా కంటే కింద ఛార్జ్ చేయడం ఎక్కడైనా తప్పే. 2200 ఎంఏహెచ్ ప్యాక్, సగటున 12 ఆంపియర్లు అనుకుంటే మొత్తం 11 నిమిషాలు. 20 శాతం మిగల్చాలంటే టైమర్ 8 నిమిషాలకి పెట్టండి. మంచు దేశంలో 6 చాలు.

మనకి అసలు ఇబ్బంది పొగమంచు, తేమ. విమానం కనిపించకపోతే ఎగరేయకూడదు, అంతే. ఎండ వచ్చి గడ్డి మీద తేమ ఆరాక, గాలి లేవక ముందు ఉన్న సమయం అన్నిటికంటే మంచిది.

ఎగరేసే ముందు చూడాల్సినవి

మడి ఒక రైతుది. అడిగి దిగండి. పక్క మడిలో నారుమడి ఉంటే, విమానం అందులో పడినా పరుగెత్తుకుంటూ వెళ్ళి తొక్కొద్దు. గట్టు మీదుగా వెళ్ళి, రైతుకి చెప్పి తెచ్చుకోండి. రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే ఆ రోడ్డు రన్‌వే కాదు.

నిప్పు అన్నిటికంటే పెద్ద ప్రమాదం. నలిగిన లైపో కొన్ని నిమిషాల తర్వాత కూడా అంటుకోవచ్చు. చుట్టూ ఉన్నది ఎండు గడ్డి, కొంచెం దూరంలో ఎవరిదో వాము. గట్టిగా కూలిన విమానంలోంచి బ్యాటరీ తీసి, గడ్డి లేని మట్టి మీద అరగంటైనా పెట్టి చూడండి. ఉబ్బితే దాన్ని మళ్ళీ ఛార్జ్ చేయొద్దు. ఒక బకెట్ ఇసుక వెంట ఉండాలి. పొలాల మీదుగా వెళ్ళే కరెంటు తీగల దగ్గర ఎగరేయొద్దు. తీగకి చిక్కిన విమానాన్ని కర్రతో లాగే ప్రయత్నం అసలు చేయొద్దు.

రూల్స్ సంగతి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం సరదాకో, చదువుకో, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు విమానం మోడల్ కేటగిరీలోకి వస్తుంది. గ్రీన్ జోన్‌లో 400 అడుగులు హద్దు. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై పోర్టల్‌లో చూసుకోండి, రిజిస్ట్రేషన్ ఏం కావాలో కూడా తెలుసుకోండి. పోలీసులు అవసరాన్ని బట్టి తాత్కాలిక రెడ్ జోన్ కూడా పెట్టొచ్చు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర జరిగే ఏడాది అది చలి రోజుల చివర్లోనే వస్తుంది. జనం మీదుగా ఎగరేయడం ఏ జోన్‌లోనూ సరదా కాదు.

ఎంఎస్‌కి మిన్నెసోటా, మిషిగన్ వైపు వెళ్ళిన మనవాళ్ళు అసలు స్కీలు కట్టి చూడొచ్చు. అక్కడ సరదాకి ఎగరేసేవాళ్ళు ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష పాసవ్వాలి, 250 గ్రాములు దాటిన విమానాన్ని ఎఫ్‌ఏఏ దగ్గర రిజిస్టర్ చేయాలి.

ఇక్కడున్నవాళ్ళు మొదటి రోజు ఎగరేయకండి. స్కిడ్ బిగించి, మోటార్ ఆపేసి, నడుం ఎత్తు నుంచి ఎదురుగాలిలోకి మెల్లగా పదిసార్లు విసరండి. పదిసార్లూ ముక్కు గుచ్చుకోకుండా జారి ఆగితే మీ స్కిడ్ కొలత సరిపోయినట్టే. ఆ తర్వాతే బ్యాటరీ కనెక్ట్ చేయండి. నాట్లు మొదలయ్యేలోపు పని కానివ్వండి, దమ్ము చేసిన మడిలో ఈ పాఠం పనికిరాదు.