కబురు చేసినవాడూ, మాట తప్పినవాడూ

"కుర్రాళ్ళకి పనికొచ్చే న్యాయశాస్త్ర విషయం ఏదైనా రాయండి మాస్టారూ" అన్నారు సంచిక సంపాదకులు. పనికొచ్చేది అనగానే నాకు మా పాత హాస్టలు గుర్తొచ్చింది.

ఒక రాత్రి పక్కగది కుర్రాడు మత్తుబిళ్ళలు ఎక్కువై పడిపోయాడు. పిలిస్తే పలకడు. మేం నలుగురం వరండాలో నిలబడి చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, వార్డెనుకి తెలిస్తే ఏమవుతుంది, పోలీసులొస్తే మన గదులు కూడా వెతుకుతారా అని అరగంట తర్జనభర్జన! చివరికి వంటమనిషి లేచి వచ్చి, మమ్మల్ని నాలుగు తిట్టి, రిక్షా పిలిచాడు. కుర్రాడు బతికాడు గాని, ఆ అరగంట సిగ్గు నన్నింకా వదల్లేదు.

హెరాయిన్, ఫెంటనిల్ వంటివి మోతాదు మించితే ఊపిరి మందగించి ఆగిపోతుంది. నాలోక్సోన్ అనే విరుగుడు మందుంది. కాని దాన్ని తెచ్చేవాళ్ళకి ఎవరో ఒకరు కబురు చెయ్యాలి గదా! పక్కనున్నవాడి జేబులోనూ అదే సరుకుంటే వాడు చెయ్యడు, పారిపోతాడు. ఈ భయాన్ని తీసెయ్యడానికి అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం 2007లో చట్టం చేసింది. కెనడా పార్లమెంటు 2017లో చేసింది. కబురు చేసినవాడి మీదా, పడిపోయినవాడి మీదా, అక్కడే ఉండిపోయినవాళ్ళ మీదా సొంత వాడకానికి మత్తుమందు ఉంచుకున్నారన్న నేరం మోపరాదు. అమ్మకందారుకి మాత్రం ఈ రక్షణ లేదు. నేరస్థుణ్ణి వదిలేస్తారా అని కొందరు విద్యార్థులు నన్ను నిలదీస్తారు. వదిలేది చిన్న కేసు, దక్కేది ప్రాణం. ఈ బేరంలో నాకు నష్టం కనిపించదు.

మన దగ్గరో? 1985 నాటి మత్తుమందుల చట్టంలో 64ఏ సెక్షను ఉంది. తనంతట తాను చికిత్సకి వెళ్ళిన వ్యసనపరుడికి అది విచారణ నుంచి మినహాయింపునిస్తుంది. కబురు చేసిన స్నేహితుడి ప్రస్తావన అందులో లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను సాయపడినవాణ్ణి కాపాడుతుంది గాని, అది రోడ్డు ప్రమాదాలకే.

ఇక రెండో సంగతి. మా తరం నిరోధ్ అన్న మాట పలకడానికే గొంతు తగ్గించేది. చట్టాలకి ఆ మొహమాటం పోయింది. కాలిఫోర్నియా 2021లో, చెప్పకుండా కండోమ్ తీసెయ్యడాన్ని సివిల్ తప్పిదం చేసింది. బాధితురాలు నష్టపరిహారానికి దావా వెయ్యవచ్చు. కెనడా సుప్రీంకోర్టు 2022లో ఇంకో అడుగు ముందుకేసింది. బ్రిటిష్ కొలంబియాలో ఒకామె కండోమ్ ఉంటేనే అని ముందే స్పష్టంగా చెప్పింది. అతను మొదటిసారి వాడాడు, రెండోసారి వాడలేదు. కింది కోర్టు నేరారోపణ కొట్టేసింది. మళ్ళీ విచారణ జరగాలని సుప్రీంకోర్టులో తొమ్మిది మందీ ఒప్పుకున్నారు గాని, కారణం దగ్గర ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఆ నలుగురూ ఇది మోసం కింద తేల్చవలసిన సంగతి అన్నారు. ఐదుగురు మాత్రం, కండోమ్‌తో కలయిక వేరు, లేకుండా కలయిక వేరు, మొదటిదానికి ఒప్పుకున్న మనిషి రెండోదానికి అసలు ఒప్పుకోనే లేదు అన్నారు. నాకు ఐదుగురి మాటే సబబుగా తోస్తుంది. మోసం అంటే దాన్ని రుజువు చేసే బరువంతా వచ్చిపడుతుంది. ఒప్పుకోలేదు అంటే ఆమె మాటకి మాటగానే విలువ ఉంటుంది.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన మన భారతీయ న్యాయ సంహితలో కండోమ్ ఊసు లేదు. కాని 63వ సెక్షను సమ్మతిని నిర్వచిస్తూ, "నిర్దిష్టమైన" లైంగిక చర్యలో పాల్గొనే ఇష్టం అంటుంది. ఈ "నిర్దిష్ట" అన్న ఒక్క మాట మీద మొన్న మా మూడో సంవత్సరం క్లాసులో గంటసేపు వాదన జరిగింది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.